ఊడలు దిగే కార్తె

నాకిచ్చిన ఉద్యోగం పేరు గణక సహాయకురాలు. మా నాయన ఆ మాటను ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరికీ రెండుసార్లు చెప్పేవాడు. మొదటిసారి ఎవరికీ అర్థమయ్యేది కాదు. డెబ్భైల చివరి రోజులు. తిరుపతిలో గణాంకశాస్త్రం చదివిన ఆడపిల్లకు బడిలో లెక్కలు చెప్పుకోవడం తప్ప ఇంకో దారి ఉంటుందని మా బంధువుల్లో ఎవరూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు. ఊరి శివార్లలోని వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో ఖాళీ ఉందని పేపర్లో చూసి, నాయనే దరఖాస్తు రాసి నా చేత సంతకం పెట్టించాడు. ఆయన గుడి ఆఫీసులో గుమాస్తా. దరఖాస్తు ఎలా రాస్తే కాదనడం కష్టమో ఆయనకు బాగా తెలుసు.

నా పై అధికారి కోస్తా నుంచి వచ్చిన శాస్త్రవేత్త. జీవితమంతా వేరుశనగ మీదే పనిచేసినవాడు. మొదటి రోజు ఆయన నన్ను కూర్చోబెట్టి ఒకే మాట చెప్పాడు: "వాన ఎంతో నేను చెబితే, పంట ఎంతో నువ్వు చెప్పాలి. దానికో సమీకరణం కావాలి."

చిత్తూరు జిల్లాలో వేరుశనగ అంతా వాన మీద బతికే పంటే. కాబట్టి వాన లెక్కలు దొరికితే పంట లెక్క దొరుకుతుందన్నది ఆయన నమ్మకం. తాలూకా ఆఫీసుల్లో పాతకాలం నుంచి వాన రిజిస్టర్లు ఉన్నాయి. వాటిని నకలు చేసుకురావడం నా పని. ఏడాదిపాటు బస్సుల్లో తిరిగాను. చెదలు పట్టిన పుస్తకాలు, నీళ్ళు పడి అలికిపోయిన అంకెలు. ఒక ఆఫీసులో రాసుకుంటూ రాసుకుంటూ ఆగిపోయాను. ఆ తాలూకాలో ఎన్నో ఏళ్ళుగా ఒక్క ఆదివారం కూడా వాన పడలేదు.

కొలత తీసే ముసలాయన్ను అడిగితే నవ్వాడు. "ఆదివారం నేను రాను గదమ్మా. ఆ పొద్దు పడిన వాన సోమవారంలో కలిసిపోతాది. వాన యాడికీ పోదు, డబ్బాలోనే ఉంటాది."

ఆయన చెప్పిందాంట్లో తప్పేమీ కనిపించలేదు. ఏడాది మొత్తం వాన కూడుకునేటప్పుడు ఆదివారమైతేనేం, సోమవారమైతేనేం? చేత్తో పిడి తిప్పే లెక్కల యంత్రం మీద నేను చేసింది కూడా అలాంటి కూడికే. ఏడాది వాన ఒక పక్క, ఏడాది దిగుబడి ఒక పక్క. గ్రాఫు కాగితం మీద చుక్కలు పెడితే, వాటి మధ్యగా ఒక గీత ఏటవాలుగా పైకి పోయింది. వాన పెరిగితే పంట పెరుగుతుంది. సారు ఆ కాగితాన్ని గోడకు అంటించి అందరికీ మైసూరుపాకు తెప్పించాడు.

ఆ తర్వాత, పుత్తూరు దగ్గర ఒక పల్లెలో వానను కొలిచే మా సొంత డబ్బా పెట్టాలని సారు నిర్ణయించాడు. ఎవరి చేనులో పెడదామా అని ఊళ్ళో అడిగితే అందరూ ఒకామె ఇల్లు చూపించారు. ఆమెకు నలభై అయిదేళ్ళుంటాయి. భర్త పోయి చాలా కాలమైంది. నాలుగెకరాల మిట్ట చేను ఒక్కతే చేయించుకునేది. కూలీలు దొరక్కపోతే మడక పట్టి దున్నడం కూడా తనే చేసేదట. నేను ఆమెను అక్కా అని పిలిచాను. ఆమె నన్ను పాపా అంది. ఆఖరిదాకా అలాగే పిలిచింది.

కొలత గాజు గొట్టం ఇచ్చి, గీతలు ఎలా చూడాలో చెప్పాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి నా చేతికే ఇచ్చేసింది.

"అంకెలు నాకు రావు పాపా. నీళ్ళు దాసి పెడతా. నువ్వొచ్చినప్పుడు కొల్సుకో."

ఎలా దాస్తుందో నాకు అర్థం కాలేదు. తర్వాతి శనివారం వెళ్ళేసరికి ఇంటి ముందు తిన్నె మీద ఏడు సీసాలు వరసగా ఉన్నాయి. మందు సీసాలు, నూనె సీసాలు, ఒక సోడా సీసా. మూతులకు గుడ్డపీలికలు బిగించి ఉన్నాయి. మూడింట్లో నీళ్ళు, నాలుగు ఖాళీ.

"ఖాళీవి ఎందుకక్కా?"

"వాన పడని పొద్దులు లెక్కలోకి రావా?" అంది ఆమె, నా చదువు మీద అనుమానం వచ్చినట్టు చూస్తూ.

ఆ ఏడు ఆర్ద్రలో మంచి వాన పడింది. పునర్వసులో నేల పదును చూసుకుని అందరూ వేరుశనగ విత్తారు. ఆ పల్లెల్లో ఎవరూ నెలలు చెప్పరు, వారాలు చెప్పరు. కార్తెలే చెబుతారు. ఒక్కో కార్తె దాదాపు రెండు వారాలు. పూత దాకా పంట కళకళలాడింది. తర్వాత మఖ కార్తె అంతా ఎండిపోయింది. పదమూడు రోజులకు పదమూడు ఖాళీ సీసాలు. మళ్ళీ ఉత్తరలో కుండపోతగా కురిసింది. ఆఫీసులో కూర్చుని మొత్తం కూడి చూశాను. మంచి వాన. గోడ మీది గీత ప్రకారం చూస్తే చాలా మంచి పంట. ఆ శనివారం పుత్తూరులో బస్సు దిగి గబగబా నడిచి వెళ్ళి చెప్పాను.

"అక్కా, ఈ ఏడు కాయ విరగ్గాస్తుంది. మా లెక్క చెబుతోంది."

ఆమె నన్ను చేనులోకి తీసుకుపోయి ఒక చెట్టు పీకి నా ముందు పట్టుకుంది. ఆకు పచ్చగా, ఏపుగా ఉంది. కాండం నుంచి సన్నటి ఊడలు కిందికి వేలాడుతున్నాయి. పూత రాలాక వచ్చే ఈ ఊడ నేలలోకి దిగితేనే దాని కొన కాయగా మారుతుంది. ఆ చెట్టు ఊడలు నేలను చేరాయి కానీ లోపలికి దిగలేదు. కొనలు సూదుల్లా ఎండి నల్లబడి ఉన్నాయి.

"ఊడలు దిగే యాలకు నేల రాయి మాదిరి ఉండె. తల కొట్టుకోని ఎండిపొయ్యినాయి. ఇప్పుడు ఎంత కురిస్తే ఏం పాపా, ఆకు పెరుగుతాది. కాయ యాడిది?"

కాయ తవ్వే రోజున వెళ్ళాను. చెట్టుకు రెండో మూడో కాయలు, అవీ తాలు. కల్లంలో కుప్ప చూసి నాకు సిగ్గేసింది. ఆమె మాత్రం నన్ను కూర్చోబెట్టి సంగటి, ఊరుబిండి పెట్టింది. ఊరుబిండి తింటూ అది పోయినేటి కాయలతో నూరినదని తెలిసి ఇంకా సిగ్గేసింది.

సారుకు చెబితే ముందు ఒప్పుకోలేదు. "ఒక్క చేను చూసి ముప్పై ఏళ్ళ గీతను కాదంటావా?" అన్నాడు. నేను సీసాల లెక్క ఆయన ముందు పెట్టాను. రోజు రోజుకూ విడివిడిగా రాసి, పక్కన పంట దశలు రాశాను: విత్తడం, పూత, ఊడలు, గింజ నిండడం. ఆయన కళ్ళజోడు తీసి, మఖ కార్తె దగ్గరున్న పదమూడు సున్నాలను వేలితో ఒక్కొక్కటే దాటుకుంటూ వెళ్ళాడు. చివరికి లేచి గోడ మీద కాగితం తనే పీకేశాడు.

"మొత్తం మళ్ళీ చెయ్యి. కార్తెల వారీగా విడగొట్టు."

అప్పుడు ఆదివారాలు అడ్డం వచ్చాయి. రోజుల లెక్క కావాల్సి వచ్చేసరికి, సోమవారంలో కలిసిపోయిన వానను విడదీయలేక తల పట్టుకున్నాను. కార్తె మారే రోజు సోమవారమైతే ఆ వాన ఏ కార్తెదో చెప్పలేం. అలాంటి ఏళ్ళకు ఎర్రసిరాతో గుర్తు పెట్టి పక్కన పెట్టాను. మిగిలినవాటికి కూడా పిడి తిప్పే యంత్రం చాలలేదు. మద్రాసులో ఒక విద్యాసంస్థలో కంప్యూటర్ ఉందనీ, మా పనికి దాన్ని వాడుకోనిస్తారనీ సారు ఉత్తరాలు రాసి ఏర్పాటు చేశాడు.

ఒంటరిగా మద్రాసు పంపడానికి అమ్మ ఒప్పుకోలేదు. నాయన సెలవు పెట్టి నాతో వచ్చాడు. రేణిగుంటలో రైలెక్కాం. పుత్తూరు దాటాక కిటికీలోంచి అక్క వాళ్ళ ఊరి దారి చూపించాను. నాయన తల బయటికి పెట్టి చాలాసేపు చూశాడు.

కంప్యూటర్ గదిలో చలి. అంకెలన్నీ అట్టకార్డుల మీద చిల్లులుగా పొడిచి యంత్రానికి పెట్టారు. రెండు రోజులు ఎదురుచూశాక మడతలు మడతలుగా కాగితం వచ్చింది. నాయన బయట బెంచీ మీద కూర్చుని నాతోపాటు వరసలు చూస్తూ ఒకచోట వేలు పెట్టాడు.

"ఇదేందమ్మా, అంకె ముందర గీత ఉండాది?"

"సున్నా కంటే తక్కువ అని నాయనా."

"పంట సున్నా కంటే ఎట్లా తక్కువవుతాదే? లేకపోతే లేదనాల."

నేనూ అదే అనుకున్నాను. సమీకరణాలకు తెలివి ఉండదు, గీత ఎటు సాగితే అటే పోతాయి అని చెప్పాను. తిరుపతికి వచ్చాక సారు కూడా, "సున్నా కింద వచ్చినవన్నీ సున్నా చేసెయ్" అన్నాడు.

ఆ శనివారం మాటల్లో ఈ సంగతి నవ్వులాటగా అక్కకు చెప్పాను. ఆమె నవ్వలేదు.

"ఉంటాది పాపా. మూటెడు ఇత్తనం మన్నులో పోస్తాం. మూటెడు కూడా తిరిగి రాకపోతే అది సున్నా కంటే తక్కువే గదా? మీ మిషను సరింగానే సెప్పింది."

నేను సోమవారం వెళ్ళి సారుకు అదే మాట చెప్పాను. ఆయన ఆ ఏళ్ళను సున్నాలుగా మార్చొద్దని, 'విత్తనం తిరిగిరాని ఏళ్ళు' అని వేరే వరస పెట్టమని చెప్పాడు.

కొత్త సమీకరణం పాతదానికంటే ఎంతో నయం. ఊడలు దిగే కార్తెలో వాన ఏడాదంతటి వానకంటే పంట గురించి ఎక్కువ చెప్పింది. ఎనభైల మొదట్లో సారు ఏదో సదస్సుకు వెళ్ళొచ్చి కొత్త ప్రశ్న తెచ్చాడు. ఫ్యాక్టరీల పొగ వల్ల భూమి మెల్లగా వేడెక్కుతోందని, కొన్ని దశాబ్దాలకు రుతువులే జరిగిపోవచ్చని అక్కడెవరో మాట్లాడారట. "ఒక డిగ్రీ వేడి పెంచి చూడు. వానను ఒక కార్తె వెనక్కి జరిపి చూడు. మన పంట ఏమవుతుందో" అన్నాడు.

అప్పట్లో మాలో ఎవరికీ అది నిజంగా జరిగే విషయంలా అనిపించలేదు. నాకు మాత్రం ఆ పని ఇష్టంగా ఉండేది. కాగితం మీద వానను జరపడం, ఎండను పెంచడం. పూతకాలంలో వేడి పెరిగితే ఊడలు తగ్గాయి. వాన ఒక కార్తె జరిగితే పంట కుంగింది. రెండూ కలిస్తే గీత సున్నా కిందికి పోయింది. ఆ ఫలితాలు పట్టుకుని అక్కతో అన్నాను, "రాబోయే రోజుల్లో ప్రతి ఏడూ వాన ఒక కార్తె ఆలస్యంగా వస్తే నీ చేను పని అయిపోయినట్టేనక్కా."

"ప్రతి ఏడూ ఆలస్యంగా వస్తే, నేను ప్రతి ఏడూ శెనక్కాయే ఏస్తానా? నాకు బుద్ధి లేదా? అనపలు ఏస్తా, ఉలవలు సల్లుతా, సగం చేను బీడు పెడతా." ఆమెకు నిజంగానే కోపం వచ్చింది. "మీ లెక్కలో నేను యాడ ఉండాను?"

ఎక్కడా లేదు. వాన ఉంది, ఎండ ఉంది, నేల ఉంది. ఎన్నేళ్ళు దెబ్బతిన్నా మారకుండా అదే పంటను అదే రోజున విత్తే ఒక బొమ్మ రైతును మేము అందులో నిలబెట్టాం. ఆ సంగతి నివేదిక చివర ఒక పేరా రాసి చేర్చాను. సారు దాన్ని కొట్టేయలేదు.

రెండేళ్ళకు కాగితం మీద మేము జరిపిన వాన నిజంగానే జరిగింది, అదీ మేము జరిపినదానికంటే ఎక్కువగా. ఆర్ద్ర పోయింది, పునర్వసు, పుష్యమి పోయాయి, ఆశ్లేష కూడా పొడిగా పోయింది. మఖలో గాని పదును కాలేదు. తిరుపతిలో మేమంతా రోజూ కొండ మీద మబ్బు కోసం చూసేవాళ్ళం. నేల తడిసిన ఆ వారం శనివారం వెళ్ళేసరికి అక్క వలిచిన విత్తనం చాటలో పెట్టుకుని నా కోసమే కూర్చుని ఉంది.

"ఊరంతా ఇత్తనం ఏస్తా ఉండారు. నీ లెక్క ఏమంటాది పాపా?"

నా దగ్గర పట్టిక ఉంది. మఖలో విత్తితే విత్తనం తిరిగి రాదని అందులో ఉంది. చెప్పాలా వద్దా అని ఆ వరసను మళ్ళీ చదువుకున్నాను. ఇన్నేళ్ళుగా నా అంకెలన్నీ అయిపోయిన ఏళ్ళవి. ఈ చాటలో విత్తనం ఇంకా విత్తనంగానే ఉంది.

"వేయొద్దక్కా. ఉలవలు చల్లుకో."

ఆమె చాట లోపల పెట్టి వచ్చింది. నాలుగెకరాలూ ఉలవలు చల్లింది. ఊళ్ళో అందరూ వేరుశనగ వేశారు.

ఆ ఏడు చిత్త, స్వాతి కార్తెల్లో వాయుగుండాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వాన అదునుకు పడింది, మళ్ళీ పడింది. మఖలో విత్తిన చేలల్లో ఊడలు మెత్తటి నేలలోకి దిగాయి. డిసెంబరులో ఆ ఊరి కల్లాల్లో కాయల కుప్పలు మనిషెత్తు లేచాయి. అక్క చేనులో ఉలవ తీగ ఆ తడికి మోకాళ్ళెత్తు పెరిగింది కానీ కాయ పట్టలేదు. కోసి పశువులకు వేసింది.

కాయ తవ్వడం అయ్యాక ఒక శనివారం వెళ్ళేటప్పుడు పుత్తూరు బస్టాండులోనే చాలాసేపు కూర్చుండిపోయాను. చివరికి వెళితే తిన్నె మీద సీసాలు లేవు. ఆమె పెరట్లో గేదెకు నీళ్ళు పెడుతోంది. నన్ను చూసి తల తిప్పుకుంది. తప్పయిందక్కా అన్నాను. ఆమె బకెట్టు తీసుకుని ఇంకిన్ని నీళ్ళు తేవడానికి పోయింది. కొంతసేపు నిలబడి వచ్చేశాను.

సారుతో చెప్పి ఉద్యోగం మానేస్తానన్నాను. ఆయన తిట్టలేదు, ఓదార్చలేదు. "లెక్క తప్పలేదమ్మా. మన ముప్పై ఏళ్ళలో మఖలో విత్తనం వేసిన ఏళ్ళు ఎన్ని?" అని అడిగాడు. వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. "అంత కొద్దిపాటి ఏళ్ళను చూసి అంత గట్టిగా ఎందుకు చెప్పావు?" అన్నాడు. ఆమె అడిగింది కాబట్టి చెప్పాను. తెలుసని అనిపించుకోవాలనీ ఉంది. ఇంటికొచ్చి నాయనకు అదే చెప్పుకుని ఏడ్చాను. "పై శనివారం మళ్ళీ పో. తలుపు తీసేదీ తియ్యనిదీ ఆమె ఇష్టం. నువ్వైతే పో" అన్నాడాయన.

వెళ్ళాను. తిన్నె మీద ఏడు సీసాలూ ఉన్నాయి, అన్నీ ఖాళీ. అది వానలు వెనక్కి పోయే కాలం.

"కూసో" అంది అక్క. చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "కోపం వాన మీద తీర్సుకోలేను గదా పాపా. నీ మీదైతే తీర్సుకోవచ్చు. తీర్సుకున్నా. అయిపాయ."

నేను ఏదో చెప్పబోయాను. ఆమె ఆపింది.

"ఒక్కటి సెప్తా, ఇను. ఇంకోసారి పండదు అని సెప్పొద్దు. పండుతాది అనీ సెప్పొద్దు. మఖలో ఏసినోళ్ళకు ఎన్నేండ్లు పండె, ఎన్నేండ్లు పండలే, అంతే సెప్పు. ఎన్ని ఎకరాలు ఏసుకోవాల్నో నేను సూసుకుంటా. సగం ఏస్తానో, మూల ఏస్తానో, అది నా పని."

బస్సులో వస్తూ ఆ మాటే తిప్పి తిప్పి ఆలోచించాను. చదువుకునే రోజుల్లో సంభావ్యత మీద నాకు మంచి మార్కులే వచ్చాయి. అది ఎవరికి పనికొస్తుందో, ఏ రూపంలో చెబితే చేతిలోకి అందుతుందో ఎవరూ నేర్పలేదు.

ఆ తర్వాత ఆరు నెలలు సారూ నేనూ కూర్చుని పట్టికంతా తిరగరాశాం. ఒక్కో కార్తెకు ఒక్కో గీత అన్న పద్ధతి తీసేసి, విత్తిన కార్తెను బట్టి బాగా పండిన ఏళ్ళెన్ని, ఓ మోస్తరు ఏళ్ళెన్ని, విత్తనం తిరిగిరాని ఏళ్ళెన్ని అని వేశాం. చూసిన ఏళ్ళు తక్కువైన చోట 'చాలినన్ని ఏళ్ళు చూడలేదు' అని రాశాం. ఆ వాక్యం ముద్రణలో ఉంచాలా అని పైనుంచి ఒకాయన అడిగాడు. ఉండాల్సిందే అని సారు పట్టుబట్టాడు. తెలుగులో చిన్న పుస్తకంగా వచ్చింది. అక్క తర్వాతి ఏళ్ళలో ఆలస్యంగా వాన వస్తే చేను రెండు ముక్కలు చేసి, ఒకటి వేరుశనగకూ ఒకటి ఉలవకో అనపకో ఇచ్చేది. కొన్నేళ్ళు ఒక ముక్క పోయింది, కొన్నేళ్ళు ఇంకోటి పోయింది. రెండూ పోయిన ఏడూ ఒకటుంది. నేను పక్కనే ఉన్నాను, కానీ ఆ ఏడు ఆమె నా మీద కోపం తీర్చుకోలేదు.

ఆ పుస్తకం పంచడానికి శ్రీకాళహస్తి దగ్గర ఒక ఊళ్ళో రైతుల సమావేశం పెట్టారు. మైకు ముందు నిలబడటం నాకదే మొదటిసారి. పట్టిక అంతా చదివి వినిపించాక, వెనక వరసలోంచి ఒక పెద్దాయన కండువా సర్దుకుంటూ లేచాడు.

"అమ్మా, పండే ఏండ్లు ఇన్ని, పండనివి ఇన్ని అని సెప్పినావు. బాగుండాది. ఈ ఏడు దేంట్లో ఉండాది?"

జనం నవ్వారు. సారు నా వైపు చూశాడు. కాగితాల్లో వెతకాల్సిన అవసరం లేదు.

"నాకు తెలియదు" అన్నాను.

ఆయన "సరే, అట్లయితే ఆ పుస్తకం ఒకటి ఇట్లియ్యి" అని చెయ్యి చాచాడు.